పెళ్లి కుదిరితే గిరాకీ పోయినట్టే

గుంటూరులో సంబంధాలు చూసేవాళ్లకి అసలు డబ్బు చేతికొచ్చేది తాంబూలాలు పుచ్చుకున్నాకే. అరండల్‌పేటలో మా పెద్దమ్మకి తెలిసిన మ్యారేజ్ బ్యూరో ఆవిడ ఒకరున్నారు, పేరు రాయించుకున్నప్పుడు కొంత తీసుకుంటారు, అది గది అద్దెకీ జిరాక్సులకీ పోతుంది, మిగతాది సంబంధం ఖాయమయ్యాక రెండు వైపుల నుంచీ. అందుకే ఆవిడ పొద్దున్నే అమ్మాయి వాళ్లకి ఫోన్ చేసి, వెంటనే అబ్బాయి వాళ్లకి చేసి, ఎకరంన్నర పొలాన్ని మూడెకరాలు చేసి, అమ్మాయి ఎత్తుకి రెండంగుళాలు కలిపి, ఎలాగోలా పెళ్లిచూపుల దాకా లాక్కొస్తారు. అబద్ధాలు ఆడతారా అంటే శుభ్రంగా ఆడతారు. కానీ అవన్నీ పెళ్లి జరగడం కోసమే, జరక్కపోతే ఆవిడకి టీ ఖర్చు కూడా మిగలదు.

డేటింగ్ యాప్‌ల లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ నెలనెలా చందా. మనం ఒంటరిగా ఉన్నన్నాళ్లూ వాడికి ఆదాయం, జోడీ కుదిరిన రోజున వాడికి ఒక్కరు కాదు, ఇద్దరు పోతారు. మరి వాడు మన పెళ్లికి ఎందుకు తొందరపడతాడు? హింజ్ అనే యాప్ మాత్రం ‘డిలీట్ చేయడానికే తయారైంది’ అని ప్రచారం చేసుకుంటుంది. మంచి మాటే, కాకపోతే ఆ హింజ్ ఎవరిదో చూడాలి. మ్యాచ్ గ్రూప్‌ది. టిండర్ వాళ్లదే, ఓకేక్యుపిడ్ వాళ్లదే, ప్లెంటీ ఆఫ్ ఫిష్‌ని 2015లో 57.5 కోట్ల డాలర్లకి కొన్నదీ వాళ్లే. ఒక యాప్‌తో విసిగిపోయి ఇంకోటి వేసుకుంటే, చాలాసార్లు డబ్బు వెళ్లేది అదే జేబులోకి.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర రూమ్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఆ మధ్య ఫోన్ తీసి చూపించాడు. ‘మిమ్మల్ని ఇష్టపడినవాళ్లు’ అని ఒక పేజీ, గళ్లుగళ్లుగా ఫొటోలు, అన్నీ మసక. ఒకదాంట్లో గులాబీ రంగు చుడీదార్ అని తెలుస్తోంది, ఇంకోదాంట్లో వెనకాల సముద్రమో ఆకాశమో, ముఖాలు మాత్రం లేవు. కింద బంగారు రంగు బటన్. “చూశావా అన్నయ్యా, కావాలని మసక పెడతాడు, డబ్బు కడితే తుడుస్తాడు” అన్నాడు. బటన్ నొక్కితే వారానికి ఒక రేటు, నెలకి ఒక రేటు, ఆరు నెలలకి తీసుకుంటే నెలకి సగం కూడా పడదట. నాకు నవ్వొచ్చింది. రెండు వారాల్లో జోడీ కుదురుస్తానన్న నమ్మకం ఉన్నవాడు ఆరు నెలల ప్యాకేజీని అంత చవగ్గా ఎందుకు అమ్ముతాడు!

వీళ్లు నిజంగా అమ్మేది అమ్మాయినీ కాదు, అబ్బాయినీ కాదు, క్యూలో ముందు చోటు. దసరాల్లో ఇంద్రకీలాద్రి ఎక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఉచిత దర్శనం లైను కదలడం లేదని టికెట్టు కొంటాం, అందరూ టికెట్టే కొంటే ఆ లైనూ కదలదు, అప్పుడు ఇంకా పెద్ద టికెట్టు ఎక్కడిస్తున్నారా అని చూస్తాం. టిండర్ 2012లో వచ్చినప్పుడు ఉచితమే. 2015లో ప్లస్ అని డబ్బు కట్టే మెట్టు, 2017లో గోల్డ్, ఆ తర్వాత ప్లాటినమ్, 2023లో పిలిచినవాళ్లకి మాత్రమే ఇచ్చే సెలెక్ట్, నెలకి 499 డాలర్లు. అంత పోసి అమ్మవారిని కూడా ఎవరూ చూడరేమో. పైగా ప్లస్ మొదలుపెట్టినప్పుడు అమెరికాలో 30 లోపు వాళ్లకి 9.99 డాలర్లు, 30 దాటితే 19.99. వయసు ముదిరితే కంగారు ఎక్కువ, కంగారు ఎక్కువైతే రేటు ఎక్కువ, అంతే సూత్రం. ఒకాయన కోర్టుకెక్కితే 2018లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఆయన వైపే మొగ్గింది.

ఇంతకన్నా చిరాకు పుట్టించేది ఇంకోటుంది. అదే మ్యాచ్ గ్రూప్ వాళ్ల డేటింగ్ సైటు మ్యాచ్ డాట్ కామ్‌లో ‘మీకో మెసేజ్ వచ్చింది, చదవాలంటే చందా కట్టండి’ అని మెయిల్ వచ్చేది. ఆ మెసేజ్ పంపిన ఖాతాల్లో కొన్ని మోసగాళ్లవని కంపెనీకే అనుమానం ఉన్నా ఆ మెయిళ్లు పంపించిందని వినియోగదారుల తరఫున చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో కేసు వేసింది. అదే కేసులో చందా రద్దు, బిల్లింగ్ లాంటి మిగతా ఆరోపణలకి 2025లో 1.4 కోట్ల డాలర్లు కట్టి వదిలించుకున్నారు. మన బ్యూరో ఆవిడ పొలం పెంచింది గానీ లేని పెళ్లికొడుకుని పుట్టించలేదు.

ఫేస్‌బుక్ గొడవ వేరు. దాని ఆదాయం దాదాపు మొత్తం ప్రకటనల మీదే, కాబట్టి మనకి పెళ్లయితే వాడికేం నష్టం లేదు, ఆ పెళ్లి ఫొటోలు పెట్టేదీ అక్కడే, మర్నాటి నుంచి గాజులూ కుక్కర్లూ చూపించేదీ అక్కడే. డేటింగ్ యాప్‌కి ఆ సౌఖ్యం లేదు, మనిషి వెళ్లిపోతాడని దానికి ముందే తెలుసు, ఉన్న నాలుగు రోజుల్లోనే పిండుకోవాలి. కుర్రాళ్లు కూడా విసిగిపోయారు. ఆడవాళ్లే ముందు మాట కలపాలన్న నియమంతో పేరు తెచ్చుకున్న బంబుల్ 2021 ఫిబ్రవరిలో షేరు 43 డాలర్లకి మార్కెట్లోకి వచ్చి, 2024 నాటికి 10 డాలర్ల కిందికి జారింది.

మన పెళ్లి సైట్లకి డబ్బు కట్టేది చాలాసార్లు పిల్లలు కాదు, తల్లిదండ్రులు. మురుగవేల్ జానకిరామన్ పెట్టిన చెన్నై కంపెనీ భారత్ మ్యాట్రిమోనీ 2017లో స్టాక్ మార్కెట్ కెక్కింది, తెలుగు మ్యాట్రిమోనీ దానిదే, కులానికో సైటు తెరిచి కమ్మకి వేరు, రెడ్డికి వేరు పెట్టిందీ అదే. పేరు చెప్పను గానీ, ఒక పెళ్లి సైటు నుంచి మా బాబాయికి వచ్చే ఫోన్లు నేను విన్నాను. “సార్, మీ అబ్బాయికి మంచి మంచి ప్రొఫైల్స్ వచ్చాయి, ఈ రాత్రి పన్నెండు దాకే ఆఫర్.” ఆ పన్నెండు ప్రతి వారం కొడుతుంది. బాబాయి మూడు నెలలకి కట్టారు, నంబర్లు వచ్చాయి, చేస్తే ఒకరు పెళ్లయిపోయిందన్నారు, ఇంకొకరు ఎత్తలేదు. మళ్లీ కట్టారు. కట్టకపోతే కొడుక్కి అన్యాయం చేసినట్టు ఉంటుందట.

ఈ మధ్యవర్తులకీ పైన ఇంకో మధ్యవర్తి ఉన్నాడు లెండి. 2024 మార్చి 1న గూగుల్, యాప్ లోపల జరిగే చెల్లింపుల మీద తన 11 నుంచి 26 శాతం ఫీజు కట్టలేదని భారత్ మ్యాట్రిమోనీ యాప్‌లతో సహా కొన్నిటిని ప్లే స్టోర్ నుంచి పీకేసింది, కేంద్రం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో మళ్లీ పెట్టింది. ఆ వారం నాకు పెళ్లి సైట్ల మీద జాలేసింది, బాబాయి ఫోన్ మళ్లీ మోగేదాకా.

కట్టినవాళ్లకి ఒక్క మాట. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి, పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్లు అన్న చోటికి వెళ్లి రద్దు చేయాలి, యూపీఐతో కట్టి ఉంటే ఆ యాప్‌లో ఆటోపే కూడా చూసుకోండి. మా తమ్ముడు విసుగొచ్చి యాప్ ఎప్పుడో పీకేశాడు, టిండర్ గోల్డ్ చందా మాత్రం నెలనెలా కోత పడుతూనే ఉంది.