కిందికి దిగొచ్చే పట్నం

మా అమ్మ తలెత్తి ఆకాశం చూడక పదమూడేండ్లు దాటింది. మెడ లేవది. వెన్నుపూసలన్నీ ఒకదానికొకటి అతుక్కపోయి కర్రలెక్క అయినయి, అదీ వంగిన కర్ర. ఎవరన్న ఎదురుంగ నిలబడి మాట్లాడితే ఆమెకు కనపడేది వాళ్ల కాళ్లే. మొకం చూడాలంటే గోడకు ఆనుకొని వెనక్కి వాలి కండ్లు పైకి తిప్పాలె. చాయ గూడ గ్లాసు ఎత్తి తాగలేదు. సాసర్ల పోసుకొని, పక్కకు తిరిగి జుర్రుతది.

మాది మర్రిగూడ మండలంల ఒక ఊరు. నల్లగొండ జిల్లా వాళ్లకు ఇంతకంటె చెప్పనక్కర్లేదు. బయటోళ్ల కోసం ఒక మాట. మా భూమి కింద ఉన్నది గ్రానైటు రాయి, దాంట్లకెల్లి ఫ్లోరైడు నీళ్లలకు దిగుతది. లీటరు నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగొద్దంటరు. మేము దాటిన నీళ్లే తాగి పెరిగినం. అమ్మ ఎముకలు అతుక్కపోయింది ఆ నీళ్లతోనే. పిల్లల పండ్ల మీద గోధుమరంగు మచ్చలు పడితే తోమకనే అట్లయినయని తిట్లు తిన్నం.

పోయిన నెల ఒక ఆదివారం నాకు వీక్లీ ఆఫ్ కలిసొచ్చి ఊరికి పోయిన. నేను ఆర్టీసీల కండక్టర్ని. గుడిల అమ్మ పక్కన కూసున్న. ఆ రోజు వాక్యం లూకా సువార్త 21వ అధ్యాయం, ప్రభువు రాకడ గురించి. పాస్టరు గారు గొంతు పెంచి "మీ తలలెత్తికొనుడి, మీ విడుదల సమీపించుచున్నది" అని చదివి, అందరూ ఒకసారి తలలెత్తుండ్రి అన్నరు. అందరూ ఎత్తిండ్రు. అమ్మ చాప దిక్కే చూస్తున్నది. నాకు ఒళ్లు మండింది. ఆయన మంచోడే, కావాలని అన్నది కాదు. కానీ మా గుడిల తల ఎత్తలేనోళ్లు ఆమెతోని కలిపి ముగ్గురున్నరు, అది ఆయనకు యాదికుండాలె గద.

ఇంటికొచ్చేటప్పుడు ఆ మాటే అంటే అమ్మ నవ్వింది.

"నేనెందుకు తలెత్తాలె బిడ్డా? బైబిల్ల ప్రకటన గ్రంథంల ఏమున్నది? ఆ పట్నం పైనుంచి కిందికి దిగొస్తది. నా కాళ్ల కాడికే వస్తది, నాకే ముందు కనపడుతది."

నేను ఆగిపోయిన. నలభై ఏడేండ్లొచ్చినయి, చిన్నప్పటి నుంచి సండే స్కూలు. పరలోకం అనంగనే పైకి పోవుడు అనే నా బుర్రల ఉన్నది. ఇంటికి పోయి ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం తీసి చూసిన. నిజమే. కొత్త యెరూషలేము దేవుని దగ్గర నుంచి దిగి వస్తున్నట్టే రాసుంది, కొత్త ఆకాశంతో పాటు కొత్త భూమి గూడ ఉన్నది. దాని తర్వాతి అధ్యాయంల స్ఫటికం లెక్క మెరిసే జీవజలాల నది. (మా బోరు నీళ్లు గూడ స్ఫటికం లెక్కనే ఉండేటియి. చూపుకు తెల్వదు, రుచికి తెల్వదు. అందుకే ఆ ఒక్క మాట మా ఊరోళ్లకు సరిపోదు, 'జీవ' అన్న మాట ముఖ్యం.)

నేను కండక్టర్ని కావుడు మా పాస్టరు గారికి మస్తు కలిసొచ్చింది. ప్రసంగంల నెలకొకసారన్న పరలోకం బస్సు వస్తది, 'టికెట్ ఉన్నదా?' అంటరు. 2023 డిసెంబర్ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక జీరో టికెట్ గూడ చేరింది: కృప అంటే ఇదే, మనం పైసా ఇయ్యలేదు, ఎవరో కట్టిండ్రు. మంచిగనే ఉంది. అమ్మ ఒక్కతే తర్వాత గొణిగింది, "బస్సెక్కినోళ్లు నిద్రపోతరు గద, దాన్నేం చెప్పడాయె" అని.

నాన్న 2011ల పోయిండు. ఆయనకు అమ్మకంటె ఎక్కువ. నడుము కాడ మడిచినట్టు అయిండు. పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టిండ్రు, అమ్మ కొన్నాళ్లు బకెట్ల ఆ పని చేసింది గూడ. నాన్నకు ఆ రుచి నచ్చక బోరుకే పోయేటోడు. పోయిన రోజు పెట్టె తెస్తే ఆయన అందుల పట్టలేదు. వెల్లకిల పండబెడితే తల లేస్తది, మూత పడది. ఒకాయన మోకాళ్ల మీద చెయ్యి పెట్టి ఒత్తబోయిండు. అమ్మ ఆ చెయ్యి పట్టుకున్నది.

"లేపేటప్పుడు ఆయన సక్కగ లేపుతడు. మీరు సక్కగ చేయకుండ్రి."

వడ్లాయన అంచుకు జానెడు చెక్క కొట్టి పెట్టె లోతు పెంచిండు. పక్కకు ఒరిగించి పండబెట్టినం. మెడ కింద సందుల అమ్మ తన పాత చీర మడత పెట్టి దోపింది, అటూ ఇటూ ఊగకుండ. సమాధి కాడ "బలహీనమైనదిగా విత్తబడి బలమైనదిగా లేపబడును" అని చదివిండ్రు. అప్పటిదాక ఆ మాట నాకు సమాధుల మీద రాసుకునే రాత. ఆ రోజు మాత్రం నాన్న మెడ గుర్తుపెట్టుకొని విన్న.

దానికి రెండేండ్ల ముందు ఒక సభల ఒక ప్రసంగీకుడు ఈ దేహం మంటిది, దీనికోసం నీళ్లని, మందులని తిరుగుడెందుకు, పైన అన్నీ ఉన్నయి అన్నడు. సభ ఆమెన్ అన్నది. అమ్మ అనలేదు. ఎందుకంటే ఆమె 1996ల కూలి ఇడిచిపెట్టి ఓటుకు నిలబడ్డది. ఫ్లోరైడు సంగతి ఢిల్లీకి తెల్వాలని జలసాధన సమితోళ్లు నల్లగొండ పార్లమెంటు సీటుకు వందల మందితోని నామినేషన్లు వేయించిండ్రు. బరిల 480 మంది ఉన్నరు. ఎన్నికే వాయిదా పడ్డది. తర్వాత ఓటు వేసేటప్పుడు బ్యాలెట్టు కాగితం కాదు, పుస్తకం. "మన పాటల పుస్తకమంత ఉండె, మడత పెట్టి డబ్బల వేసుడే కష్టమాయె" అని ఇప్పటికీ చెప్తది.

నడుము నొప్పి లేసిన రాత్రి నేను, హైదరాబాదు పోదాం, పెద్ద దవాఖానల చూపిద్దాం అంటే వద్దంటది. అతుక్కున్న ఎముక విడిపోదని ఆమెకు తెల్సు. "నాది గాడికి పోయినంక సక్కగయితది. నీ బిడ్డది ఈడ్నే సక్కగుండాలె," అంటది. అదేం లెక్కనో నాకు మొదట్ల అర్థం కాలేదు. తన సంగతి భద్రంగ ఒకచోట పెట్టుకున్న మనిషికి మంది సంగతి చూసే తీరిక దొరుకుతది, అట్లనుకుంట ఇప్పుడు. నాకింక ఆ తీరిక రాలేదు, ప్రమోషన్ లిస్టు వస్తే నా పేరే వెతుకుత.

ఆమెకు సక్కగ కనపడే మొకాలు పిల్లలయే, ఆ ఎత్తుల ఉండేది వాళ్లే గద. ఆదివారం గుడి అయిపోంగనే ఒక్కొక్కన్ని పట్టుకొని "నోరు తెరువురా" అంటది. పండ్ల మీద మచ్చ కనపడిందంటే కర్ర పట్టుకొని వాళ్లింటికి పోతది. మిషన్ భగీరథ నల్లా వచ్చినంక గూడ, నీళ్లు రాని రోజు బోరుకు పోయేటోళ్లున్నరు. వాళ్ల బిందె ఒంపించిందాక కదలది. ఊర్ల ఆమెకు తిట్లు గూడ బాగనే పడుతయి.

ఇంకో పని చెప్పులు. ఎవరి చెప్పు తెగిందో గుడిల అందరికంటె ముందు ఆమెకే తెలుస్తది. మా తాత చెప్పులు కుట్టేటోడు, ఆయన ఆరె ఇంకా ఇంట్లనే ఉన్నది. వేళ్లు మంచిగున్నయి కాబట్టి కుడుతది.

సోమవారం పొద్దున నేను డ్యూటీకి బయలెల్తుంటే ఒక ప్లాస్టిక్ కవర్ చేతుల పెట్టింది. ఊరికి నీళ్లు ఇడిచే వాటర్‌మెన్ పిలగాడి చెప్పులు, తెగిన పట్టీ అమ్మ కుట్టింది. ట్యాంకు కాడ ఇచ్చిపో, రెండు రోజులు తడపొద్దని చెప్పు అన్నది.

"నీళ్లు ఇడిచెటోడు చెప్పులు తడపకుండ ఎట్లుంటడే అమ్మా?"

"అయితే ఇడిచి పక్కకు పెట్టుమను. నీళ్లయితే ఆపొద్దను."