పెద్దకర్మ అయ్యాక

నాన్న పోయినప్పుడు ఇంటినిండా జనం. పెద్దకర్మ దాకా అమ్మను ఎవరూ ఒంటరిగా వదల్లేదు. ఆ భోజనాలయ్యాక ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

అమ్మ ఏడ్చేది కాదు. నాన్న బీపీ మాత్రల డబ్బా తీసుకుని, వారాల పేర్లున్న మూతలు ఒక్కొక్కటే తెరిచి చూసి, మళ్లీ మూసేది. నిద్ర లేదు, అన్నం సయించేది కాదు. "గుండె రాయి చేసుకో వదినా" అని మేనత్త ప్రేమతోనే అనేది. ఆ మాటతో అమ్మ ఇంకా ముడుచుకుపోయేది.

కౌన్సెలింగ్ అంటే "నాకేమైనా పిచ్చా?" అంది. నేనూ తోడు వెళ్లాను. కౌన్సెలర్ గారు సలహాలేమీ ఇవ్వలేదు. "ఆయన ఎలా ఉండేవారమ్మా?" అని అడిగి ఊరుకున్నారు. చాలాసేపటికి అమ్మ నోరు విప్పింది. తను టీ కోసం కిందికి దిగినప్పుడే నాన్న ప్రాణం పోయిందట. ఆ సంగతి నాకు కూడా చెప్పలేదు! అంత బరువు ఒక్కతే మోసింది.

దుఃఖం జబ్బు కాదు. చాలామంది అయినవాళ్ల అండతో తేరుకుంటారు. అయితే ఆరు నెలలు దాటినా రోజువారీ పనులు సాగనంత తీవ్రంగా ఉంటే, దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో గుర్తించింది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా పలుకుతారు. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, అప్పటికప్పుడే ఫోన్ చేయండి.