ఎం.పి.ఏ. అంటే ఎం.బి.ఏ. కాదు పెదనాన్నా

హెచ్‌సీయూలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తున్నానని చెప్పిన ప్రతిసారీ పెదనాన్న అడిగేది ఒకటే: "అయితే సినిమాల్లోకి పోతావా?" కాదంటే, "మరి దేనికిరా?" నా కోర్సు పేరు ఎం.పి.ఏ., అంటే మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్. ఒకసారి అది ఎం.బి.ఏ.గా వినిపించి కాసేపు సంతోషపడ్డారు కూడా. నేనూ సరిచేయలేదు. పాపం.

మొదటి సెమిస్టర్‌లోనే డైలాగులు దంచేస్తాననుకున్నా. నడవడం, నిలబడటం, ఊపిరి తీసుకోవడం నేర్పారు. చెప్పులు బయట విడిచి, నేల మీద వెల్లకిలా పడుకుని గంటసేపు "ఆ..." అనడమే. ఇన్నేళ్లూ ఊపిరిని ఛాతీ దాటనివ్వలేదని అప్పుడే తెలిసింది.

నన్ను మార్చింది మాత్రం క్లాసు కాదు. క్యాంపస్‌కి దగ్గర్లోనే, శేరిలింగంపల్లిలో, సురభి కుటుంబాలు ఉంటాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక సమాజం వాళ్లది. ఒకరోజు వాళ్ల నాటకాన్ని తెర పక్కన నిలబడి చూశాను. అప్పటిదాకా స్టేజీ మీద గర్జించిన రాక్షసుడు లోపలికొచ్చి, కిరీటం కూడా తీయకుండా, తర్వాతి సీను కోసం తాడు లాగుతున్నాడు. ఓ పక్కన చిన్నపాప ముఖాన రంగుతోనే నిద్రపోతోంది. మేం పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసే స్టేజ్ క్రాఫ్ట్ అంతా ఆ తాడులో ఉంది. వాళ్లు దాన్ని తాడు అనే అంటారు, అంతే.

వచ్చే వారం మా ప్రొడక్షన్. నాకు వేషం రాలేదు, లైటింగ్ పడింది. టెన్షన్ మామూలుగా లేదు. పెదనాన్న వస్తున్నారు. ముందు వరసలో సీటు ఉంచాను. నేను స్టేజీ మీద కనిపించనని ఇంకా చెప్పలేదు.