రెండు ఎడమ చేతులు

శుక్రవారం. రాత్రి పదకొండు దాటింది.

ఇయ్యాల పొద్దున ఒక జాకెట్‌కు రెండు చేతులూ ఎడమవే కత్తిరించిన. పద్దెనిమిదేండ్ల నుంచి మిషన్ కుడుతున్న మనిషిని, కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు చేసిన. జాకెట్ చేతికి ముందు దిక్కు లోతు ఎక్కువ, వెనక దిక్కు తక్కువ. బట్టను ఎదురెదురుగా మడిచి కోస్తే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తయి. నేను రెండు ముక్కలనూ ఒకే తీరు పరిచి కోసేసిన. తెలిసింది ఎప్పుడంటే, అస్తర్ వేసి కుడి చంకకు ఎక్కించి, ముడత ఎందుకు పడుతుందా అని నా ఒంటికి ఆనించి చూసుకున్నంక. పట్టుచీర ముక్క అది. జరీ అంచు సరిగ్గా రెండు చేతులకే వచ్చింది, ఇంక జానెడు కూడా మిగల్లేదు. తిరగేసి వేద్దామంటే జరీ వెనక దారాలు పైకొస్తయి. రేపు పది గంటలకు వాళ్ళింట్ల పిల్ల నిశ్చితార్థం.

కత్తెర నా చేతిలనే ఉన్నది గానీ నేను అక్కడ లేను. పోయిన దసరా సెలవులల్ల మా ఆడబిడ్డ కొడుకు పెండ్లిల, షామియానా కింద, మా యారాలి ముందర నిలబడి ఉన్న.

ఆ పెండ్లిల మేము రెండు వేలు చదివించినం. భోజనాల కాడ నలుగురు కూర్చున్నప్పుడు మా యారాలు నవ్వుకుంట, "మా అక్కకేంది, తోట ఉన్నది. చెయ్యే రాదు" అన్నది. అంతే మాట. అందరు నవ్విన్రు, నేను కూడా నవ్విన. పదకొండు నెలలాయె. ఈ పదకొండు నెలలల్ల ఆమెకు నేను ఇచ్చిన జవాబులు రాస్తే నోట్‌బుక్ నిండుతది. అన్నీ మిషన్ మీద కూర్చొని ఇచ్చినవే. కాలు పెడల్ మీద, చెయ్యి బట్ట మీద ఉంటయి, నెత్తి ఖాళీ. ఆమె ఒకటి అంటది, నేను రెండంట. ఆమె కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటది, నేను పెద్దమనసుతోని "పోనీలే చెల్లె" అంట. ఈ ఆఖరి ముక్క నాకు మస్తు ఇష్టం. నిజంగ కనబడితే మాత్రం, "బాగున్నవా చెల్లె, పిల్లలు బాగున్నరా" అనే అడుగుత.

పదకొండింటికి ఉపవాస ప్రార్థన ఉండె. జాకెట్ అట్లనే మిషన్ మీద పడేసి పోయిన.

మాది ఎం.బి. చర్చి. దేవరకొండ, పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు పెట్టిన సంఘాల వేరులోదే. మెన్నోనైట్లంటే ఐరోపాలో 16వ శతాబ్దం నుంచి కత్తి పట్టనే పట్టబోమని మొండికేసి, దానికోసం ఊర్లూ దేశాలూ ఇడిచిపెట్టి పోయిన జనం. అసుంటోళ్ళ సంఘంల చాప మీద కూర్చొని నేను యారాలితోని లడాయి చేస్తున్న.

పాస్టరమ్మ ఇయ్యాల రెండో కొరింథీ పదో అధ్యాయం తీసింది. దుర్గములను పడద్రోయుట, "ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి" అనే వాక్యం. దుర్గం అంటే మాకు వేరే చెప్పాల్నా? చర్చి గుమ్మంల నిలబడితే దేవరకొండ కోట కనబడుతది. రేచర్ల పద్మనాయకుల కాలందట, 14వ శతాబ్దంది. బురుజులల్ల చెట్లు మొలిచినయి, మేకలు తిరుగుతున్నయి, అయినా ఆ రాతి గోడలు ఇంకా నిలబడే ఉన్నయి. పడగొట్టుడు అంత అల్కగ అయ్యే పనైతే కోట ఎందుకైతది!

చెరపట్టుడు నేను చెయ్యలేదా అంటే, చేసిన. ఆ తలంపు వచ్చినప్పుడల్లా పాట ఎత్తుకుంట. కీర్తన చదువుకుంట. ఒకసారి "పో సాతానా" అని గట్టిగనే అంటే, పక్కన హుక్కులు పెడుతున్న పిల్ల బెదిరి లేచి నిలబడ్డది. చిన్నప్పుడు జొన్న పాలు పోసుకునే రోజులల్ల మా నాయన నన్ను మంచె ఎక్కిచ్చి ఒడిసెల చేతికిచ్చేటోడు. ఈ మూలకు రాయి ఇసిరితే పిట్టలు లేచి ఆ మూలకు వాలేవి. పొద్దుగూకేసరికి భుజం నొప్పి, గింజ సగం పోయేది. నా చెరపట్టుడు కూడా అదే తీరు.

తర్వాత పాస్టరమ్మ ఫిలిప్పీ నాలుగుకు పోయింది. దేవుని సమాధానము "మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అని ఉన్నది గదా, ఆ కావలి అనే మాట గ్రీకు భాషల సిపాయిలు కోటకు కాసే కావలట. దమస్కులో అధిపతి ఈ పత్రికలు రాసిన పౌలును పట్టుకోవాలని పట్నానికి కావలి పెట్టిండు చూడు, అక్కడ వాడింది కూడా ఆ మాటేనట. పౌలు ఆ కావలి తప్పించుకోనీకి గోడ మీది నుంచి గంపల దిగిండు. తనను పట్టనీకొచ్చిన కావలి మాటనే తీసుకొని మన తలంపులకు పెట్టిండు, అది కూడా బంధకాలల్ల ఉండి రాసిన పత్రికల, అని ఆమె చెప్తుంటే నాకు ముచ్చటనిపించింది. బత్తాయి గంప యాదికొచ్చింది. గంప నుంచి తోట, తోట నుంచి "తోట ఉన్నది, చెయ్యే రాదు". మళ్ళా షామియానా కింద తేలిన.

అందరు కండ్లు మూసుకొని మౌన ప్రార్థన చేస్తున్నరు. నేను కూడా మూసుకున్న. జవాబు సగంల ఉండంగ చుట్టూ "ఆమెన్" అన్నరు, నేను అందరికంటె గట్టిగ అన్న. పక్కన కూర్చున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని, "మంచిగ ప్రార్థించినవ్ బిడ్డా" అన్నది. సిగ్గుతోని చచ్చిన.

ఇంటికొచ్చి, తిని, మూడింటికి బ్లేడు పట్టి కుట్లు ఊడదీయ కూర్చున్న. ఊడదీసే పనికి మిషన్ చప్పుడు ఉండదు. ఒక్కొక్క కుట్టు కింద బ్లేడు మొన పెట్టి, పట్టు పీచు లేవకుండ తెంపాలె. ఆ నిశ్శబ్దంల యారాలు మళ్ళా వచ్చింది. ఈసారి తరమలేదు, పాట ఎత్తుకోలేదు. అలిసిపోయి ఉంటినేమో. "ప్రభువా, ఇగో చూడు, ఆమె అన్న మాట ఇది" అని మొదటి నుంచి ఆయనకే చెప్పుడు మొదలుపెట్టిన. వీధిల ఎవరికన్న పంచాయితీ చెప్పినట్టే.

చెప్పుకుంట పోతుంటే ఒక కాడ ఆగిన. "మా అక్కకేంది, తోట ఉన్నది" అన్నది ఖాయం. నా చెవుల ఇంకా ఉన్నది. కానీ "చెయ్యే రాదు" అన్నదా? లేకుంటే ఆమె నవ్వితే నవ్వుల నేను చదువుకున్ననా? ఎంత తవ్వినా యాదికొస్తలేదు. మా ఆయనకు చెప్పినప్పుడు చెప్పిన, మా అక్కకు చెప్పినప్పుడు చెప్పిన, పోయినసారి చెప్పినప్పుడైతే ఆమె చెయ్యి ఊపి మరీ అన్నదని చెప్పిన. ఎవరికి చెప్పినా సాగింది. ప్రభువుకు చెప్పబోతే నోరు రాలేదు. ఆ షామియానా కింద ఆయన కూడా ఉండె గదా. నేను కలిపింది ఎంతో, ఆమె అన్నది ఎంతో ఆయనకు ఎరుక.

బ్లేడు పక్కన పెట్టి శానాసేపు ఊకె కూర్చున్న. కోపం పోయిందా అంటే పోలేదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాల్సొచ్చింది, ఇది రాయాలంటే చెయ్యి ఆడుతలేదు: నాకు ఆ కోపం తీపి. పోవాలని పదకొండు నెలల సంది ప్రార్థన చేస్తున్న గానీ, పోతే మిషన్ మీద కూర్చున్నప్పుడు ఏం అనుకోవాలె? "ప్రభువా, ఇది ఇయ్యబుద్ధి అయితలేదు" అన్న. ఇన్నేండ్ల ప్రార్థనలల్ల గింత పచ్చి నిజం ఎప్పుడన్న చెప్పిన్ననా అని నాకే అనుమానం.

ఆ తర్వాత పని మాత్రం సాగింది. తప్పు చేతికి ముందు లోతు తీసి, వెనక తక్కువ పడ్డ కాడ చంకలకు పోయేటట్టు చిన్న ముక్క అతికిన. చెయ్యి ఎత్తితే తప్ప కనబడదు. ఫోన్ చేసి చెప్తే, ఆ పిల్ల తల్లి "నిశ్చితార్థంల చెయ్యెవరు ఎత్తుతరక్కా" అని నవ్వింది.

మా ఆయన తొమ్మిదింటికి వచ్చిండు, ఒళ్ళంత పొగ వాసన. తోటల రెక్కల పురుగు పడ్డది. పొద్దుగూకినంక వచ్చి మాగే కాయకు ముల్లు గుచ్చినట్టు గుచ్చి రసం పీలుస్తది. అందుకే సందెవేళ నుంచి పొగలు వేసుడు, రాలిన కాయలు ఏరి పాతిపెట్టుడు. ఒక కాయ తెచ్చి నా చేతిల పెట్టిండు. పచ్చటి పసుపు, నున్నగ ఉన్నది. "ఏడున్నది తప్పు?" అన్న. లైటు కిందికి తిప్పి గోరుతో చూపిచ్చిండు. సూది మొనంత బొక్క. వేలితోని ఒత్తితే బుడగలతోని పులిసిన రసం వచ్చి మణికట్టు దాక కారింది.

"యారాలు ఫోన్ చేసిందా?" అన్నడు. మరిదికి ఏదో కాగితం కావాల్నట.

చూస్తే రెండు మిస్‌డ్ కాల్స్ ఉన్నయి. సాయంత్రం ఐదింటివి. ఇంత రాత్రి చెయ్యలేదు, రేపు చేస్త. ఏం మాట్లాడాలె అని అనుకోంగనే నెత్తిల మాటలు వరుస కట్టినయి, మళ్ళా ఆమె ఒకటి, నేను రెండు. "ఇగో ప్రభువా, మళ్ళొచ్చింది" అన్న పైకే. మా ఆయన, "ఎవరొచ్చిన్రే?" అన్నడు సగం నిద్రల.

హుక్కులు ఇంకా కుట్టలేదు. ఆరు ఉన్నయి.