ఆగస్టులో బయటికొచ్చే బండ్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇల్లు మారాల్సి వచ్చింది. పక్క సీటులో కూర్చునే అమెరికన్ సహోద్యోగి సాయం చేస్తానన్నాడు. "శనివారం నా ట్రక్ తీసుకొస్తా, అన్నీ అందులో వేసేద్దాం" అన్నాడు. నేను నిజంగానే లారీ వస్తుందనుకుని, అంత పెద్ద బండి నిలపడానికి చోటుందా అని అపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగి మరీ వచ్చాను. తీరా శనివారం వచ్చింది నాలుగు తలుపుల పికప్. నా ఆస్తి ఒక పరుపు, మూడు పెట్టెలు, ఒక కుర్చీ. దాని వెనక భాగం సగం కూడా నిండలేదు. ఇక్కడ పికప్‌ని ట్రక్ అంటారని, మనం లారీ అనుకునేదాన్ని సెమీ అంటారని ఆ రోజు తెలిసింది. డెట్రాయిట్ పరిసరాల్లో నా బండ్ల చదువు అలా ఓనమాల నుంచి మొదలైంది.

నా ఉద్యోగం ఇంజిన్ కాలిబ్రేషన్. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఏ పరిస్థితికి ఎంత పెట్రోలు చిమ్మాలి, దాన్ని మండించే స్పార్క్ ఏ క్షణంలో ఇవ్వాలి అన్న అంకెలు నింపే పని. వినడానికి ఘనంగానే ఉంటుంది. రోజంతా చూసేది మాత్రం లాప్‌టాప్‌లో గళ్ల పట్టికలు. గడిలో అంకె మార్చాలి, పరీక్షించాలి, మళ్లీ మార్చాలి. ఇంజిన్ దగ్గరికి వెళ్లినా పైన నల్లటి ప్లాస్టిక్ మూత, పక్కన వైర్ల గుత్తి కనిపిస్తాయి. కార్ల కంపెనీకి పనిచేస్తూ ఏళ్ల తరబడి చేతికి మసి అంటకుండా బతికాను.

అందుకేనేమో, కళ్లు రోడ్డు మీదికి పోయాయి.

ముందు లారీలు పట్టుకున్నాయి. రోజూ ఐ-75 హైవే మీద నలభై నిమిషాలు వెళ్లడం, నలభై నిమిషాలు రావడం. ఒకరోజు పక్క లేన్‌లో కంకర తోలే లారీ ఒకటి ఎంతకీ అయిపోవడం లేదు. ముందు ఒక బండి, దాని వెనక ట్రెయిలర్, దాని వెనక ఇంకో ట్రెయిలర్, కింద జెర్రి కాళ్లలా చక్రాలు. లెక్కపెట్టాను, పదకొండు యాక్సిళ్లు, అంటే చక్రాలు బిగించే ఇరుసులు. తప్పు లెక్కపెట్టానేమోనని మర్నాడు ఇంకోదాన్ని లెక్కపెట్టాను. పదకొండే.

అమెరికా హైవేల మీద మామూలుగా లారీ మొత్తం బరువు 80,000 పౌండ్లు దాటకూడదు, అంటే సుమారు 36 టన్నులు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానిది వేరే దారి. ఇక్కడి చట్టం మొత్తం బరువు కన్నా ఒక్కో యాక్సిల్ మీద పడే బరువునే పట్టించుకుంటుంది. యాక్సిళ్లు పెంచుకుంటూ పోతే 11 యాక్సిళ్లతో 1,64,000 పౌండ్ల దాకా మోయొచ్చు. 74 టన్నులు! స్థానికులు వీటిని గ్రావెల్ ట్రెయిన్లు, అంటే కంకర రైళ్లు అంటారు. రోడ్ల గుంతలకు ఇవే కారణమని కనిపించిన ప్రతివాడూ తిడతాడు. భాగహారం చేసి చూస్తే ఒక్కో యాక్సిల్ మీద పడేది మామూలు ఐదు యాక్సిళ్ల లారీ కన్నా తక్కువే. ఈ ముక్క ఆఫీసులో చెప్పాను, ఒక్కరూ ఒప్పుకోలేదు. గుంతలో టైరు పగిలినవాడికి భాగహారం ఎక్కదు.

లోడు లేనప్పుడు ఈ లారీలు కొన్ని యాక్సిళ్లను పైకెత్తుకుంటాయి. చక్రాలు నేలకి జానెడు ఎత్తున వేలాడుతూ ఉంటాయి, టైర్ల అరుగుదల కలిసొస్తుందని. దాంతో ఎన్ని కిందున్నాయి, ఎన్ని పైనున్నాయి అని చూడటం అలవాటైంది. అన్నీ కింద ఉంటే నిండు బండి, ముందు దూరకూడదు. "ఏమండీ, లెక్కలు తర్వాత, ముందు రోడ్డు చూడండి" అని మా ఆవిడ ఎన్నిసార్లు అందో. ఇప్పుడు తనే వెనక సీటులో పిల్లలతో పందెం వేస్తోంది.

ముక్కు లేని లారీ, అంటే డ్రైవర్ నేరుగా ఇంజిన్ మీద కూర్చునే క్యాబోవర్, కనిపిస్తే ఆ రోజు పండగే. ఒకప్పుడు ఇక్కడ అవి విరివిగా ఉండేవి. బండి మొత్తం పొడవు మీద హద్దు ఉన్న రోజుల్లో ముక్కు తగ్గిస్తే ఆ మేరకు ట్రెయిలర్ పెరిగేది. 1982లో వచ్చిన చట్టంతో ప్రధాన హైవేల మీద లెక్క ట్రెయిలర్ పొడవుకు మారింది. ఇక డ్రైవర్‌ని ఇంజిన్ మీద కూర్చోబెట్టాల్సిన అవసరం పోయింది, పొడుగు ముక్కులు తిరిగొచ్చాయి. ఇన్నేళ్లలో నాకు కనిపించిన క్యాబోవర్లు వేళ్ల మీద లెక్కే. అందులో ఒకటి గడ్డిమోపులు మోస్తూ చిన్న ఊరి సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. ఫోన్ తీసేలోపు లైటు పచ్చబడింది.

పాత కార్ల సంగతి వేరు. లారీల్లా అవి ఏడాది పొడవునా దొరకవు. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఉప్పుకి ఇక్కడ కరువే లేదు, డెట్రాయిట్ నగరం కిందే దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. ఆ ఉప్పు ఇనుముని చెదలు తిన్నట్టు తింటుంది. అందుకని పాత కారున్నవాళ్లు మొదటి మంచుకి ముందే బండిని గరాజ్‌లో పెట్టి తాళం వేస్తారు, వసంతంలో రెండు మూడు గట్టి వానలు పడి రోడ్డు కడిగేదాకా తీయరు. నంబరు ప్లేటుకీ ఒక తిరకాసు ఉంది. 26 ఏళ్లు నిండిన బండికి చారిత్రక వాహనం ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకూ, క్లబ్బు కార్యక్రమాలకూ తిప్పాలి తప్ప రోజువారీ పనులకి వాడకూడదు. ఆగస్టులో మాత్రం దేనికైనా వాడుకోవచ్చు. ఆ నెలలో కూరగాయలకి కూడా తోకరెక్కల కాడిలాక్‌లో వచ్చేవాళ్లు కనిపిస్తారు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ అనే రోడ్డు మీద డ్రీమ్ క్రూజ్ అని పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో డెట్రాయిట్ పక్కనున్న ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం డబ్బు పోగుచేయడానికి మొదలుపెట్టారట. ఇప్పుడు ఫెర్న్‌డేల్ నుంచి పోంటియాక్ దాకా బండ్లే బండ్లు. ఆ రోడ్డు సామాన్యమైంది కాదు. 1909లో కాంక్రీటు హైవే తొలి మైలు వేసింది దాని మీదే. ఫోర్డు 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టిన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ కూడా దాని పక్కనే. మొదటి ఏడాది అన్నీ ఫోటోలు తీశాను. రెండో ఏడాదికి ఎర్ర మస్టాంగ్‌లంటే మొహం మొత్తింది. అద్దంలా తుడిచి, బానెట్ ఎత్తి, ముందు తాడు కట్టి పెట్టిన బండి నాకు పెళ్లి ఫోటోలా అనిపిస్తుంది. చూస్తాం, బాగుందంటాం, పేజీ తిప్పేస్తాం. నాకు కావలసినవి వేరే. కాలమజూలో 1982 దాకా తయారైన చెకర్ టాక్సీ. సగం కారు సగం పికప్ అయిన ఎల్ కామినో. వెనక భాగం కత్తితో తెగ్గోసినట్టుండే ఏఎమ్‌సీ గ్రెమ్లిన్. దాన్ని 1970లో సరిగ్గా ఏప్రిల్ 1న మార్కెట్లోకి వదిలారు, అలా వదిలినవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

ఆ రెండో ఏడాదే ఒక పార్కింగ్ స్థలం మూల 1966 షెవర్లే సీ10 పికప్ కనిపించింది. రంగు వెలిసిపోయిన ఆకుపచ్చ, వెనక చెక్క పలకల మీద గీతలు. బానెట్ ఎత్తి ఉంది, ప్రదర్శన కోసం కాదు, బండి సరిగ్గా నడవక. డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు లోపలికి వంగి ఏదో తిప్పుతున్నారు. ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. ఇక్కడ అడక్కుండా తీసినా ఏమీ అనరు కానీ, అడిగితే మాట కలుస్తుంది. "ఫోటో సరే, ముందు ఈ టార్చ్ పట్టుకో" అన్నారాయన.

పట్టుకున్నాను. ఏం చేస్తావని అడిగితే చెప్పాను. స్పార్క్ టైమింగ్ పట్టికలు నింపుతానని వినగానే ఆయన నిటారుగా నిలబడి, నన్నోసారి చూసి, స్పార్క్‌ని ఒక్కో సిలిండర్‌కీ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీశారు. కింద తిరిగే రోటర్‌కి రెండు స్క్రూలు. అదీ తీశారు. దాని కింద బొటనవేలంత ఇనుప బరువులు రెండు, వాటిని పట్టుకుని రెండు సన్నటి స్ప్రింగులు.

"ఇంజిన్ వేగం పెరిగితే ఇవి బయటికి విసురుకుంటాయి, స్పార్క్ ముందుకు జరుగుతుంది, అంటే ఇంకాస్త ముందే పడుతుంది. వేగం తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి" అంటూ వేలితో తిప్పి చూపించారు. పక్కన గుండ్రటి రేకు డబ్బా, దానికో రబ్బరు గొట్టం. లోపల పల్చటి పొర ఉంటుందట. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే పీల్పుకి ఆ పొర లాక్కుపోయి స్పార్క్‌ని ఇంకాస్త ముందుకు తోస్తుంది. గట్టిగా తొక్కితే పీల్పు తగ్గుతుంది, పొర వదిలేస్తుంది.

టార్చ్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా పట్టికలో అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా లోడు, అంటే ఇంజిన్ మీద పడే భారం. ఆ బరువులు నా అడ్డ వరస, ఆ రేకు డబ్బా నా నిలువు వరస. కాలేజీలో ఇది బొమ్మతో సహా చదివాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ నేను రోజూ నింపే గళ్లకి పూర్వం ఇదే పని చేసిన వస్తువు ఇదీ అని ఎన్నడూ తట్టలేదు. "నువ్వు అంకె మార్చినట్టు మేం స్ప్రింగ్ మారుస్తాం" అన్నారు పెద్దాయన. ఆయన వృత్తి టూల్ అండ్ డై, అంటే ఫ్యాక్టరీలకి అచ్చులూ పనిముట్లూ చేయడం, రిటైరయ్యారు. ఆ రోజు బండి నసకి కారణం ఒక స్ప్రింగ్ సాగిపోవడమే. డాష్‌బోర్డు సొరుగులో అగ్గిపెట్టెంత డబ్బాలో రకరకాల స్ప్రింగులు పెట్టుకున్నారు. మార్చారు, స్టార్ట్ చేశారు, తల ఊపారు. నా చేతులకి అంటిన మసి ఇల్లు చేరేదాకా తుడుచుకోలేదు.

ఆ చలికాలం పరీక్షల కోసం మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాకి పంపారు. దారిలో మాకినా వంతెన వస్తుంది, 1957లో తెరిచారు, ఐదు మైళ్లు. దాని ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి "మాకినాక్" అంటే అందరూ నవ్వుతారు, జాగ్రత్త. రాత్రంతా బయట గడ్డకట్టిన కారుని తెల్లవారుజామున నాలుగింటికి స్టార్ట్ చేసి రికార్డు చేయడం మా పని. చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి మొదటి క్షణాల్లో ఎక్కువ చిమ్మాలి, ఎంత ఎక్కువో డిగ్రీ డిగ్రీకీ ఒక అంకె. మైనస్ ఇరవైలో వేళ్లు మొద్దుబారి కీబోర్డు నొక్కుతుంటే పెద్దాయన పికప్‌లోని చోక్ గుండీ గుర్తొచ్చింది. లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఎంత లాగాలో ఆయన చెవికి తెలుసు. నేను ముప్పై గళ్లలో రాస్తున్నది ఆ చెవినే.

ఆ ప్రయాణంలోనే ఒక తమాషా. మేం నడిపేది ఇంకా విడుదల కాని బండి, ఒళ్లంతా నలుపు తెలుపు సుడుల స్టిక్కర్, ఆకారం కళ్లకి అందకుండా. పెట్రోల్ బంక్‌లో ఆగితే ఒక కుర్రాడు పరుగున వచ్చి నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. నేను ఏళ్లుగా చేస్తున్న పనే, ఈసారి కెమెరాకి ఇటువైపున్నాను. ఏ మోడల్ అని అడిగాడు. చెప్పకూడదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. నాతో ఉన్న తెలుగు కుర్రాడు మాత్రం, "అన్నా, మనల్ని కూడా తీశాడు, ఫోటోలో నా టోపీ బాగోలేదు" అని దారంతా బాధపడ్డాడు.

తర్వాత రెండేళ్లకి మా పెట్రోల్ ఇంజిన్ ప్రాజెక్టు ఆపేశారు. కొందరిని పంపించారు, కొందరిని ఎలక్ట్రిక్ బండ్ల వైపు మార్చారు. పేర్లు బయటపడేదాకా రెండు వారాలు టెన్షన్. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు, ఆ లోపు ఇంకోటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. రాత్రిళ్లు క్యాలెండర్ మీద 60 ఎక్కడికి వస్తుందో వేలితో లెక్కపెట్టేవాణ్ని. చివరికి నన్ను బ్యాటరీ చల్లబరిచే విభాగంలో వేశారు. అక్కడా పట్టికలే, అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా కరెంటు. స్పార్క్ లేదు.

ఆ సంగతి చెబుదామని అక్టోబరు చివర పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన పికప్‌ని చలికాలానికి గరాజ్‌లో పెడుతున్నారు. విన్నారు. ఏమీ అనలేదు. పెట్రోలు చెడకుండా ట్యాంకులో మందు పోసి, అది గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ దాకా చేరాలని పది నిమిషాలు ఇంజిన్ నడపమన్నారు. సీటులో కూర్చుని చోక్ గుండీ లాగాను. మొదటిసారి ఎక్కువ లాగాను, నల్ల పొగ వచ్చింది. "కొంచెం లోపలికి... ఇంకొంచెం... వినిపించిందా?" అన్నారు బయట నుంచి. వినిపించింది. తర్వాత ఇంజిన్ ఆపి, బ్యాటరీ ఊడదీసి షెల్ఫ్ మీద పెట్టాను. సైలెన్సర్ గొట్టంలో ఎలుకలు దూరకుండా స్టీలు పీచు కుక్కాను. ఇద్దరం కలిసి గుడ్డ కప్పాం.

తిరిగొస్తుంటే చినుకులు మొదలయ్యాయి. ఐ-75 మీద ఒక గ్రావెల్ ట్రెయిన్ నన్ను దాటింది. పదకొండులో నాలుగు పైనే ఉన్నాయి, ఖాళీ బండి.