డీఎంజీ గేమ్‌బాయ్‌లో ప్రోసౌండ్, ఎల్ఎస్‌డీజే కార్ట్ మరమ్మతు: పని ఎక్కడిదాకా వచ్చింది

బండి అంటే నింటెండో చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్, 1989 నాటి మోడల్ డీఎంజీ-01. గేమ్‌బాయ్‌లో సంగీతం చేసే ప్రోగ్రామ్ ఎల్ఎస్‌డీజే కోసమే వాడుతున్నది. అనుకున్న పనులు నాలుగు: ఆ ప్రోగ్రామ్ ఉండే కార్ట్‌ (కార్ట్రిడ్జ్)లో బ్యాటరీ మార్చడం, పవర్ స్విచ్ శుభ్రం చేయడం, స్క్రీన్‌లో పోయిన నిలువు గీతలు తెప్పించడం, ప్రోసౌండ్ (శబ్దాన్ని వాల్యూమ్ చక్రానికి ముందే బయటికి తీసే) వైరింగ్. ఈ నాలుగూ అయ్యాయి. వేరే సంగీత పరికరాలతో లయ కలిపే మీడీ సింక్ కేబుల్ ఇంకా మిగిలింది.

ముందు సేవ్ ఫైలు, తర్వాతే స్క్రూడ్రైవర్. జీబీఎక్స్‌కార్ట్ రీడర్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఫ్లాష్‌జీబీఎక్స్‌తో రామ్ (పాటలు దాచే మెమరీ) బ్యాకప్ తీయాలి. గేమ్‌బాయ్ కార్ట్‌కు 5 వోల్టులు. రీడర్ మీద వోల్టేజీ మీట ఉంటే అది ఎటు ఉందో చూసుకోండి. అసలు జాగ్రత్త సేవ్ సైజు దగ్గర. ఎల్ఎస్‌డీజేకి కావలసింది 128 కేబీ. పొరపాటున 32 కేబీ ఎంచుకుంటే ప్రోగ్రామ్ ఏ తప్పూ చూపించదు, ఫైలూ వస్తుంది. కానీ మొదటి 32 కేబీలో ఉండేది ప్రస్తుతం తెరిచి ఉన్న పాట ఒక్కటే. కుదించి దాచిన మిగతా పాటలన్నీ ఆ తర్వాతి భాగంలో ఉంటాయి. అందుకే బ్యాకప్ ఫైలు సరిగ్గా 1,31,072 బైట్లు ఉందో లేదో చూడాలి. రెండుసార్లు చదివించి రెండు ఫైళ్లనూ పోల్చాలి. తేడా వస్తే కార్ట్ కాంటాక్టులు మురికిగా ఉన్నట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి మళ్లీ చదివించండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, పైపూత పోతుంది.

ఆ తర్వాతే కార్ట్ బ్యాటరీ. ట్యాబ్‌లు ముందే వెల్డ్ చేసి ఉన్న కాయిన్ సెల్ తీసుకోండి. సెల్ మీద నేరుగా టంకం పెడితే వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. సైజు కార్ట్‌ను బట్టి మారుతుంది కాబట్టి పాత సెల్ మీద ఉన్న నంబరే చూసుకోవాలి. సెల్ తీయగానే రామ్ ఖాళీ అవుతుంది. కొత్తది పెట్టి, బ్యాకప్‌ను తిరిగి రాయాలి.

రోమ్ (ఎల్ఎస్‌డీజే ప్రోగ్రామ్ ఫైలు) కొత్త వెర్షన్‌కు మారాలనుకుంటే ఎల్ఎస్‌డీప్యాచర్‌ అనే ప్రోగ్రామ్‌లో పాత రోమ్ నుంచి కిట్లు (శాంపిల్ శబ్దాల గుంపులు), ఫాంట్లు, పాలెట్లు తెచ్చుకోవచ్చు. ఒక్క మాట: కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసిన పాట పాత వెర్షన్‌లో సరిగ్గా తెరుచుకోకపోవచ్చు, కాబట్టి పాత రోమ్, పాత సేవ్ జంటగా ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి. సొంత కిట్ చేసేవాళ్లకు లెక్క ఇది: శాంపిల్ 4 బిట్లు, 11,468 హెర్ట్జ్. ఒక కిట్‌కు దొరికే చోటు 16 కేబీ, అంటే మొత్తం కలిపి మూడు సెకన్లు కూడా రాదు. కిక్, స్నేర్ తోకలు కత్తిరిస్తే చాలా చోటు మిగులుతుంది.

ఇక పెట్టె తెరవడం. వెనక ఆరు ట్రైవింగ్ (మూడు రెక్కల తల) స్క్రూలు, వాటిలో రెండు బ్యాటరీ గదిలో ఉంటాయి. రెండు సగాలనూ కలిపే రిబ్బన్‌ను పక్కకు లాగకుండా నిటారుగా తీయాలి.

కాస్త తట్టగానే రీసెట్ అవుతుంటే చాలామంది ముందు కార్ట్ స్లాట్‌ను అనుమానిస్తారు. ఎక్కువసార్లు దోషం పవర్ స్విచ్‌దే. బండి నడుస్తుండగా స్విచ్ రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కొలవండి. సున్నాకు దగ్గరగా రావాలి. స్విచ్‌ను కదిపినప్పుడల్లా రీడింగ్ ఎగిరిపడుతుంటే లోపల ఆక్సైడ్ పట్టింది. బ్యాటరీలు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి, మీటను చాలాసార్లు అటూ ఇటూ జరిపి, పూర్తిగా ఆరాక మళ్లీ కొలవాలి. బ్యాటరీ స్ప్రింగుల మీద తెల్లటి పొడి ఉంటే అది ఆల్కలైన్ సెల్ కారినది. ముందు వెనిగర్, తర్వాత ఆల్కహాల్.

నిలువు గీతలు పోవడానికి కారణం గాజుకూ కింది రిబ్బన్‌కూ మధ్య అతుకు వదులవ్వడం. బండి ఆన్‌లో ఉంచి, తక్కువ వేడిలో ఉన్న టంకం ఇనుము మొనను రిబ్బన్ అంచు వెంట మెల్లగా జరపాలి. గీతలు తిరిగి రావడం కళ్లెదుటే కనిపిస్తుంది. ఒకేచోట ఆపితే రిబ్బన్ కరుగుతుంది. అడ్డ గీతలు పక్క రిబ్బన్‌వి. వాటి జోలికి తప్పనిసరైతేనే వెళ్లండి.

ఈ బండికి చేయదగ్గ మార్పు ఒక్కటే ఎంచుకోమంటే అది ప్రోసౌండే. బ్యాక్‌లైట్ తర్వాత చూసుకోవచ్చు. హెడ్‌ఫోన్ జాక్‌కు వచ్చే సిగ్నల్ లోపలి చిన్న యాంప్లిఫయర్ గుండా వస్తుంది. హిస్ (బుస శబ్దం) కలిసేదీ, బేస్ పలచబడేదీ అక్కడే. వాల్యూమ్ పాట్‌కు (చక్రం కింది పొటెన్షియోమీటర్‌కు) ముందే ఎడమ, కుడి సిగ్నళ్లు తీసుకుని విడి 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు కలిపితే వేవ్ చానెల్ బేస్ నిండుగా వినిపిస్తుంది. పాట్ కాళ్లలో గ్రౌండ్ ఏదో తెలియాలంటే బ్యాటరీ నెగటివ్‌తో కంటిన్యుటీ (తీగ కలిసి ఉందా అన్నది) మీటర్‌తో చూడండి. ఎడమ, కుడి తేల్చడానికి ఎల్ఎస్‌డీజేలో 'O' అనే కమాండ్‌తో ఒక నోట్‌ను ఎడమకే పంపి, ఏ కాలి దగ్గర వినిపిస్తుందో వినండి. గ్రౌండ్ వైరును ఆడియో దగ్గరే తీసుకోవాలి. పవర్ బోర్డు నుంచి తీస్తే పవర్ కన్వర్టర్ కూత మళ్లీ సిగ్నల్‌లోకి వస్తుంది. వైర్లు పొట్టిగా, షీల్డ్ ఉన్నవైతే మేలు. జాక్ రంధ్రం చేసేముందు రెండు సగాలూ మూసి, లోపల జాగా ఉందో లేదో చూసుకోండి. టేపు అంటించి, సన్న బిట్‌తో మొదలుపెడితే ప్లాస్టిక్ చిట్లదు. ఈ అవుట్‌పుట్ మీద వాల్యూమ్ చక్రం పనిచేయదు. హెడ్‌ఫోన్‌ను నేరుగా నడపడానికీ ఇది చాలదు, మిక్సర్‌కో యాంప్‌కో వెళ్లాలి.

ప్రోసౌండ్ తర్వాత కూడా సన్నటి ఈల వినిపిస్తుంటే, బ్యాక్‌లైట్ ఉన్న బండిలో దాని వైరు విప్పి మళ్లీ వినండి. ఈల ఆగితే దోషం లైటు గ్రౌండ్‌ది, ప్రోసౌండ్‌ది కాదు.

మిగిలిన సింక్ కేబుల్‌కు ఆర్డినోబాయ్ (ఆర్డినో బోర్డుతో గేమ్‌బాయ్‌ను మీడీకి కలిపే ప్రోగ్రామ్) వాడాలి. లింక్ కేబుల్ కోసి లోపలి రంగులను నమ్మి కలపకండి: తయారీని బట్టి రంగులు మారతాయి, కొన్ని కేబుళ్లలో అన్ని తీగలూ ఉండవు. ప్రతి పిన్‌నూ మీటర్‌తో పట్టుకుని కాగితం మీద రాసుకోవాలి. పోర్ట్ 5 వోల్టులది. టీన్సీ 4.0 అనే చిన్న బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు కాబట్టి ఆ బోర్డు పెట్టేవాళ్లు మధ్యలో లెవెల్ షిఫ్టర్ (వోల్టేజీ మార్చేది) పెట్టాలి. 5 వోల్టుల ఆర్డినో అయితే ఆ బెడద లేదు, ఇక్కడ పెట్టబోయేదీ అదే.