ఇంటిపేరు ముందుకొచ్చింది

పదకొండున్నర అయింది. చిన్నది ఇప్పుడే పడుకుంది, ఈయన క్రికెట్ పెట్టుకుని సోఫాలోనే గురక. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. కారణం చెప్తే నవ్వుతారు: మేం జావాలో రాసే ప్రోగ్రాంలో రెండు స్ట్రింగులు, అంటే రెండు అక్షరాల ముక్కలు, చోటు మార్చుకున్నాయి.

మా టీమ్‌లో ఒక సర్దుడు కుర్రాడున్నాడు, లంచ్‌లో పప్పూ పచ్చడీ ఒకదానికొకటి తగలకుండా గీత గీసినట్టు పెట్టుకుంటాడు. పోయిన వారం వాడు కస్టమర్ క్లాసులో (ఒక్కో కస్టమర్ వివరాలు పట్టే మూస అది) 212 లైన్లు లేపేసి, దాని నెత్తిన @డేటా, @ఆల్‌ఆర్గ్స్‌కన్‌స్ట్రక్టర్ అని రెండు యానొటేషన్లు, అంటే @ గుర్తుతో అంటించే చీటీలు, పెట్టాడు. విలువ చదివే గెట్టర్లు, మార్చే సెట్టర్లు, రెండూ ఒకటేనా అని పోల్చే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్, అక్షరాల్లో చూపించే టూస్ట్రింగ్, విలువలు నింపి కస్టమర్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్, ఇక అన్నీ లొంబోక్ అనే పనిముట్టే చూసుకుంటుంది. అక్కడితో ఆగినా బావుండేది. లాస్ట్‌నేమ్ అనే ఫీల్డు (ఇంటిపేరు ఉండే గడి) కింద ఉన్న ఫస్ట్‌నేమ్‌ని దాని పైకి జరిపాడు. ఎందుకురా అంటే "ఫస్ట్ అన్నది ఫస్టే ఉండాలి కదక్కా" అన్నాడు. (ఆ క్లాసులో ఇంటిపేరు ముందు పెట్టింది నేనే. మన అలవాటు.)

నేను చేత్తో రాసిన కన్‌స్ట్రక్టర్ ఉన్నన్నాళ్లూ ఫీల్డుల్ని ఎటు జరిపినా ఏమయ్యేది కాదు, వరస దాని బ్రాకెట్లలోనే ఉండేది. ఇప్పుడు దాన్ని లొంబోక్ పుట్టిస్తోంది, ఫీల్డులు ఏ వరసలో ఉంటే ఆ వరసలో. ఫైలు చదివి ఆబ్జెక్టు తయారుచేసే చోట మాత్రం పాత వరసే ఉంది. రెండూ స్ట్రింగులే కాబట్టి, కోడ్‌లో తప్పులు చూసి నడిచే రూపంలోకి మార్చే కంపైలర్ కిక్కురుమనలేదు. టెస్టులన్నీ పచ్చగా పాసయ్యాయి.

టెస్టింగ్ సర్వర్లో మూడు రోజులుంది, మన హైదరాబాద్ టెస్టర్లు ఒక్కరూ పట్టుకోలేదు. ఎలా పట్టుకుంటారు? అంతకుముందు "సత్యవతి గుమ్మడి" అని వచ్చేది ఇప్పుడు "గుమ్మడి సత్యవతి" అని వస్తోంది, వాళ్ల కంటికి ఇప్పుడే సరిగ్గా ఉంది! ఇవాళ మధ్యాహ్నం పుణెలో ఉన్న అమ్మాయి, "డియర్ కులకర్ణి" అని మెయిలొచ్చిందేంటి, స్కూల్లో సార్ పిలిచినట్టుంది అని అడిగితే బయటపడింది.

సాయంత్రం కాల్‌లో వాణ్ణి బాగానే దులిపాను. అసలు యానొటేషన్లు చదివి పనిచేసే పనిముట్లకి, అంటే యానొటేషన్ ప్రాసెసర్లకి, జావా 6లో పెట్టిన పద్ధతేంటి, కంపైల్ అయ్యేటప్పుడు కొత్త ఫైళ్లు పుట్టించుకోండి, ఉన్న క్లాసు జోలికి మాత్రం రావద్దు అని. మ్యాప్‌స్ట్రక్ట్ లాంటివి బుద్ధిగా అదే చేస్తాయి, అది రాసిన కోడ్ ఒక ఫైల్లో ఉంటుంది, తెరిచి చదువుకోవచ్చు. లొంబోక్ అలా కాదు. జావాసీ (జావా కంపైలర్) మన సోర్సు చదివి లోపల కట్టుకున్న చెట్టులోకి దొడ్డిదారిన దూరి కొమ్మలు అంటు కట్టి వస్తుంది. కంపైలయ్యాక వచ్చే క్లాస్ ఫైల్లో మెథడ్ ఉంటుంది, మనం రాసిన సోర్సులో ఉండదు. కనపడని దాన్ని రివ్యూ ఎలా చేస్తాం, చేత్తో రాసుకుంటే నొప్పేంటి అని ఒక పావుగంట ఉపన్యాసం. వాడు "సరే అక్కా" అని మైకు మ్యూట్ చేసుకున్నాడు. ఆ మ్యూట్ బొమ్మే ఇప్పటిదాకా కళ్లముందు ఉంది.

రాత్రి అత్తయ్య టీవీ ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఒక్కోదానికి ఒకటే గిల్లు, కాయ ఇటు, తొడిమ అటు. జావా భాషలో, అంటే ఇండోనేషియాలోని జావా ద్వీపం వాళ్ల భాషలో, లొంబోక్ అంటే మిరపకాయే, ఆ ప్రాజెక్టు గుర్తు కూడా ఎర్ర మిరపకాయే. జావా ద్వీపం దాటి, బాలీ దాటితే వచ్చే ద్వీపం పేరూ అదే. ఇదంతా అత్తయ్యకి చెప్తే "అయితే కారం ఉంటుందా?" అంది. ఉంది అత్తయ్యా, ఇవాళే తగిలింది.

ఆ తొడిమలు చూస్తుంటే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. బిల్లు క్లాసులో నలభై ఫీల్డులు. ఎక్లిప్స్ అనే ఎడిటర్లో రైట్ క్లిక్ కొట్టి గెట్టర్లు, సెట్టర్లు పుట్టించేవాళ్లం, లైన్లు ఎక్కువుంటే పని ఎక్కువ చేసినట్టు అనుకునే లీడ్ ఉండేవాడు, అందరం హాయిగా ఉండేవాళ్లం. అందులో నలభయ్యోది, బ్రాంచ్ కోడ్ అని, మధ్యలో కొత్తగా వచ్చింది. నేనే పెట్టాను. గెట్టర్ పెట్టాను, సెట్టర్ పెట్టాను, ఈక్వల్స్‌లోనూ హ్యాష్‌కోడ్‌లోనూ కలపడం మర్చిపోయాను. నెలాఖరున రెండు బ్రాంచిల్లో అంకెలన్నీ కలిసిన బిల్లులు రెండు వచ్చాయి, ఒకేలా ఉన్నవాటిలో ఒక్కదాన్నే ఉంచుకునే సెట్‌లో వేస్తే ఒకటే మిగిలింది. లెక్క తేలక రెండు రాత్రులు ఆఫీసులోనే. ఆ ఈక్వల్స్‌ని కనీసం పదిసార్లు చదివుంటాను, ప్రతి లైనూ కరెక్టే. లేని లైను కంటికెలా ఆనుతుంది? మూడో రోజు తెల్లవారుజామున, కాఫీ మెషీన్ దగ్గర ఈక్వల్స్‌లోని ఫీల్డుల పేర్లు వేళ్ల మీద లెక్కపెడుతుంటే ముప్ఫైతొమ్మిది దగ్గర ఆగిపోయా.

@డేటా అయితే ఆ ఫీల్డుని మర్చిపోయేదే కాదు. చేత్తో రాసుకుంటే నొప్పేంటి అని అడిగానా సాయంత్రం? ఇదీ నొప్పి. ఆ కాల్‌లో ఇది గుర్తు రాలేదు చూడండి.

పోనీ రికార్డులు, అంటే ఫీల్డుల పేర్లు రాస్తే మిగతాది జావాయే పుట్టించే క్లాసులు, వాడుంటే? 2021లో జావా 16తో ఖాయమయ్యాయి, అంటు కట్టే పని లేదు, భాషలోనే ఉన్నాయి. కానీ అక్కడా కన్‌స్ట్రక్టర్‌ది పేర్లు రాసిన వరసే. ఇదే తప్పు అక్కడా జరిగేది. పైగా మాది డేటాబేస్ టేబుల్‌కి కట్టిన క్లాసు, వాటి మధ్య వంతెన వేసే హైబర్నేట్ రికార్డుని అలాంటి క్లాసుగా (ఎంటిటీగా) ఒప్పుకోదు.

ఇంకో సంగతి దాచాను. ఆ మార్పుని అప్రూవ్ చేసింది నేనే. 212 ఎర్ర (తీసేసిన) లైన్లు చూసి మనసు తేలికై "సూపర్" అని ఒక్క ముక్క కొట్టి నొక్కేశా. కింద రెండు లైన్లు అటూఇటూ అవడం అందులోనే ఉంది, స్క్రోల్ చేస్తే కనిపించేది. ఇక టెస్టులు పచ్చగా ఎందుకున్నాయా అని ఇందాక తెరిచి చూస్తే, పేరూ "టెస్ట్", ఇంటిపేరూ "టెస్ట్". ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ కొట్టాను. 2019, నా పేరే.

కుర్రాడికి మెసేజ్ పెట్టా: "రేపు పదింటికి ఇద్దరం కూర్చుని @బిల్డర్ పెడదాం, ఏ పేరుకి ఏ విలువో రాసిన చోటే కనపడుతుంది. లొంబోక్ ఉంచుదాం." వెంటనే "సరే అక్కా" అని వచ్చింది. వాడూ పడుకోలేదన్నమాట.

టెస్టులో రెండు "టెస్ట్"లూ తీసేసి సత్యవతి అని ఒకటి, గుమ్మడి అని ఒకటి రాసి రన్ చేశా. ఎర్రగా ఫెయిలైంది. హమ్మయ్య.